అద్దె సినిమా, అరువు గొంతు

ఆ ఉదయం ఆ ఇంట్లో కాఫీ ఎవరిది వాళ్ళే కలుపుకున్నారు.

శాంత మాత్రం కలుపుకోలేదు. స్నానం చేసి, జడ వేసుకుని, ఎవరి వంకా చూడకుండా చెప్పులేసుకుని దైవసన్నిధానం గుడికి బయల్దేరింది. వెళ్తున్నానని చెప్పలేదు. గేటు చప్పుడయ్యాకే ఇంట్లోవాళ్ళకు తెలిసింది.

నిన్న సాయంత్రం నుంచి ఆవిడ నోరు విప్పలేదు. పాతికేళ్ళకు పైగా డబ్బింగులో హీరోయిన్లకు గొంతు అరువిచ్చి సంసారం నడిపిన మనిషి. కూరలబ్బాయితో మాట్లాడినా ప్రతి అక్షరం విడివిడిగా వినపడేది. ఆ మాట ఆగిపోయేసరికి ఫిల్మ్‌నగర్‌లోని ఆ రెండో అంతస్తు ఫ్లాటులో గోడ గడియారం కూడా గట్టిగా మోగుతున్నట్టనిపించింది.

ఆవిడ భర్త శ్రీనివాసులు పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. సినిమా ఎడిటరుగా పనిచేసి, ఇప్పుడు ఊరికే ఉంటున్నాడు. పేపరు తిప్పడం లేదు.

కంప్యూటర్ గదిలో తెర మీద నిన్న ఆపిన బొమ్మ అలాగే ఉంది. ‘తోడబుట్టిన సాక్షి’ హీరోయిన్ నోరు సగం తెరిచి ఆగిపోయింది. పాత సినిమా అయినా బొమ్మ ముత్యంలా ఉంది. ఆమె చెవికమ్మ మీద రాయి కూడా మెరుస్తోంది.

వేదాంత్ తలుపు దగ్గరగా వేసి పెళ్ళాం వైపు తిరిగాడు.

“నీకు ముందే తెలుసా?”

“తెల్సు,” అంది లాస్య.

“ఎప్పట్నుంచి?”

“మొదటి రోజు తెల్వదు. సినిమా పేరు చెప్పలే వాళ్ళు. పాత సినిమాకు కొత్త సౌండు చేస్తున్నం, ఆన్‌లైన్‌ల అద్దెకు పెడ్తరంట, హీరోయిన్‌ది నువ్వు చెప్పు అన్నరు. తర్వాత కోర్టు సీను పెట్టిన్రు. ‘ఈయన మా అన్నయ్యే’ అని కాయితంల ఉంటే అప్పుడు తెల్సింది నాకు. అత్తమ్మ ఎన్నిసార్లు చెప్పి చూపియ్యలే ఆ డైలాగు!”

“తెలిసాక మానేయొచ్చుగా?”

“మానేస్త అన్న. నువ్వు కాకపోతే ఇంకొకల్లు, ఎవ్వరు దొరకకపోతే కంప్యూటర్ గొంతు పెట్టుకుంటం, మాకేం ఫికర్ లేదన్నడు ఆ స్టూడియో ఆయన. ఎవరో చెప్పేదానికంటె నేను చెప్తె మనింట్లనే ఉంటది గద అనుకున్న.”

“మరి చెప్పాలి కదా లాస్యా! నేనేమో సర్‌ప్రైజ్ అనుకుని అద్దెకి తీసుకున్నా. హెచ్‌డీ కావాలని ఆ యాప్ వేశా, స్పీకర్లు తెచ్చా, అమ్మని పిలిచి మధ్య కుర్చీలో కూర్చోబెట్టా. ఇన్నేళ్ళకి నీ సినిమా నువ్వు చూసుకో అమ్మా అన్నాను. హీరోయిన్ నోరు తెరిస్తే నీ గొంతు! నా మొహం ఎలా ఉంటుంది?”

“నువ్వు సినిమా పెడ్తున్నవని నాకు తెల్సా? నేను స్నానం చేసి వచ్చేసరికి టైటిల్స్ నడుస్తున్నయ్. అప్పుడు ఏమని ఆపాలె?”

అది నిజమే. వేదాంత్ కాసేపు మౌస్‌ని అటూ ఇటూ కదిలించాడు.

నిన్న శాంత ఒక్క సీను మాత్రమే విన్నది. రెండో మాటకే గొంతు గుర్తుపట్టింది. తను కూర్చోబెట్టి నేర్పిన గొంతు కదా. లేచి నిలబడి, “ఎంత బాగా చెప్పావమ్మా,” అని లాస్యతో అని లోపలికి వెళ్ళిపోయింది. అదే ఆఖరి మాట.

“రెండ్రోజులు వెంగళరావు నగర్ వెళ్ళిరా,” అన్నాడు వేదాంత్. “మీ అమ్మావాళ్ళింట్లో ఉండు. అమ్మ చల్లబడ్డాక…”

“నేనేమన్న దొంగతనం చేసిన్నా, పారిపోనీకి? నేను పోను.”

“కనీసం నాకైనా చెప్పాల్సింది.”

లాస్య కిటికీ వైపు చూస్తూ, “మామయ్యకు చెప్పిన,” అంది.

“నాన్నకా?”

“ఆ రోజే చెప్పిన. ఇట్ల ఇట్ల ఉంది, ఏం చెయ్యాలె మామయ్యా అని అడిగిన. ‘ఆ డైలాగులు నువ్వే చెప్పెయ్యి తల్లీ, అదే మంచిది. అత్తయ్యకు మాత్రం చెప్పకు’ అన్నరు.”

* * *

వేదాంత్ హాల్లోకి వచ్చేసరికి కుర్చీలో పేపరు మాత్రమే ఉంది. శ్రీనివాసులు కింద సెల్లార్లో స్కూటరు తుడుస్తున్నాడు. ఆ స్కూటరు నడిచి చాలా కాలమైంది.

“నాన్నా, మీకు ముందే తెలుసట.”

“ఏది?”

“లాస్య చెప్పింది.”

శ్రీనివాసులు గుడ్డ పిండాడు. అందులో నీళ్ళు లేవు.

“తెలుసు,” అన్నాడు.

“అది మీరు పనిచేసిన సినిమా. అమ్మ గొంతు తీసేసి కొత్తగా చెప్పిస్తుంటే మీకేమీ అనిపించలేదా?”

“అప్పుడు నేను ఒట్టి అసిస్టెంటునిరా. నాకు అనిపించడాలేంటి?”

“అప్పుడు సంగతి కాదు. ఇప్పుడు.”

“ఆ పాత సౌండు నువ్వు వినలేదు. చెవుల్లో ఇసక పోసినట్టుంటుంది. సగం చోట్ల మాటే తెలీదు. ఎవరో ఒకరు మళ్ళీ చెప్పాల్సిందే. ఆ పని మనమ్మాయి చేస్తే తప్పేముంది?”

“తప్పు లేకపోతే అమ్మకి చెప్పొద్దని ఎందుకన్నారు?”

శ్రీనివాసులు స్కూటరు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. “ఆ అద్దె ఎన్నాళ్ళుంటుంది?” అని అడిగాడు.

“ఏ అద్దె?”

“అదే, సినిమాది.”

“ఒకసారి మొదలుపెడితే రెండు రోజులు. రేపు సాయంత్రంతో అయిపోతుంది.”

“అయితే దానంతటదే పోతుందిలే. నువ్విక పెట్టకు. మీ అమ్మ కోపం కూడా తగ్గుతుంది. పైకెళ్ళు.”

వేదాంత్ పైకి వెళ్ళాడు కానీ మనసు ఒప్పుకోలేదు. నాన్న అమ్మకు భయపడటం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఈ భయం ఆ రకానిది కాదు.

* * *

శాంత గుడి నుంచి తిరిగొచ్చి తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. లాస్య పొయ్యి దగ్గర ఉంది. వెనక్కి తిరగలేదు.

“పప్పులో ఉప్పు వేశావా?” అంది శాంత.

రాత్రంతా ఆ గొంతు కోసం ఎదురుచూసిన లాస్య, అది వినపడగానే వెనక్కి తిరిగింది.

“వేసిన అత్తమ్మా.”

శాంత ఎప్పుడూ ఆ ‘వేసిన’ను దిద్దేది కాదు. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలోనే చెప్పేసింది. మైకు ముందు వాళ్ళడిగిన భాష, ఇంట్లో మాత్రం నీ భాష నీది అని. అలా రెండు నాలుకలూ చెడకుండా నేర్పింది. స్టూడియోలకు వెంటబెట్టుకుని తీసుకెళ్ళి, ఈ అమ్మాయి మా కోడలు, నాకన్నా బాగా చెబుతుంది అని చెప్పింది కూడా తనే.

“బాగా చెప్పావు. నిన్నా అదే అన్నాను. వెటకారం కాదు.”

“అత్తమ్మా, నేను…”

“నన్ను చెప్పనీ. మాకు టైటిల్సులో పేరు వేసేవాళ్ళు కాదు. పోస్టరు మీద బొమ్మ ఉండదు. పత్రికలో ఫోటో ఉండదు. ఫలానా సినిమాలో నేనున్నాను అని చెప్పుకోడానికి నాకున్నదల్లా ఆ గొంతొక్కటే. దాన్నీ తుడిచేశారు. పైవాళ్ళెవరైనా తుడిస్తే నాలుగు తిట్టుకుని ఊరుకునేదాన్ని.”

“నేను తుడవలే అత్తమ్మా. నేను పోకముందే తీసేసిన్రు. ఖాళీ బొమ్మకు చెప్పిన నేను.”

“నాకు చెప్పి చెయ్యాల్సింది.”

“చెప్తె వద్దంటరని…”

“అంటానో అననో, నన్నడిగితే కదా తెలిసేది!”

ఆ కేక హాల్లో వేదాంత్‌కు వినిపించింది. అప్పుడే పైకొచ్చిన శ్రీనివాసులు గుమ్మంలోనే ఆగిపోయాడు.

లాస్య పొయ్యి కట్టేసింది. శాంత స్టూలు లాక్కుని కూర్చుంది. మాట్లాడినప్పుడు గొంతు తగ్గింది.

“ఆ సినిమా నేను చూడనేలేదని నీకు తెలుసుగా. కోర్టు సీను చెప్పేటప్పటికి నిండు చూలాల్ని. వీడు లోపల తన్నుతుంటే స్టాండు పట్టుకుని చెప్పాను. అక్కణ్ణుంచి ఇంటికొచ్చి ఆస్పత్రిలో పడ్డాను. బీపీ అన్నారు, ఫిట్స్ అన్నారు. నేను లేచి తిరిగేసరికి సినిమా హాళ్ళలోంచి వెళ్ళిపోయింది. టీవీలో వస్తుందిలే అనుకుంటే నిర్మాత కొడుకులు హక్కుల కోసం కొట్టుకున్నారు. ఇన్నేళ్ళూ ఎక్కడా రాలేదు.”

“తెల్సు అత్తమ్మా.”

“చూసినవాళ్ళు మాత్రం వచ్చి చెప్పారు. శాంతగారూ, ఆ కోర్టు సీను విన్నామండీ, వెంట్రుకలు లేచి నిలబడ్డాయండీ అని. ఆ రోజుల్లో మా పనిలో మొదటి పేరు నాగేశ్వరిది. నిర్మాతలు శ్రీనగర్ కాలనీలో ఆవిడ ఇంటి ముందు కార్లు ఆపుకుని కూర్చునేవాళ్ళు. అలాంటి ఆవిణ్ణి కాదని పెద్ద సినిమాలకి నన్ను పిలిచారంటే ఆ ఒక్క సీను వల్లే. నాకు అన్నం పెట్టిన సీను అది. చచ్చేలోపు ఒక్కసారి వినాలనుకున్నా.”

లాస్య వచ్చి నేల మీద కూర్చుంది. కళ్ళు తుడుచుకోలేదు.

“మిమ్మల్ని మించి చెప్పాల్నని చెప్పలే. మీరు ఇంట్ల ఎట్ల చెప్పి చూపిచ్చిన్రో గట్లనే చెప్పిన. మీరు ఊపిరి తీస్కున్న కాడనే తీస్కున్న. గంతే నాకు చాతనైంది.”

శాంత కోడలి వైపు చూసింది. ఏదో అనబోయింది. ఇంతలో కంప్యూటర్ గదిలోంచి వేదాంత్ అరిచాడు.

“అమ్మా! లాస్యా! ఇలా రండి!”

* * *

వేదాంత్ కుర్చీ వెనక్కి తోసి నిలబడి ఉన్నాడు. తెర మూలన చిన్న చక్రం గుర్తు నొక్కితే ఒక పట్టీ తెరుచుకుంది. ‘ఆడియో’ అని ఉన్నచోట రెండు వరుసలు ఉన్నాయి. పైన ‘తెలుగు 5.1’. కింద ‘తెలుగు మోనో’.

“నిన్న మనం విన్నది పైది. కింద ఇంకోటి ఉంది చూడండి. అది పాత సౌండు. థియేటర్లో వచ్చిందే.”

“నా గొంతా?” అంది శాంత.

“నీదే అయ్యుంటుంది. కావాలన్నవాళ్ళు పాతది కూడా వినొచ్చని ఉంచినట్టున్నారు. వినమ్మా.”

శ్రీనివాసులు గుమ్మంలోకి వచ్చాడు.

“దాన్నెందుకురా ఇప్పుడు కదపడం? అదంతా పాడైపోయి ఉంటుంది. వింటే ఉన్న కాస్త సంతోషమూ పోతుంది.”

“ఉన్న సంతోషమేంటండీ?” అంది శాంత. భర్తతో ఆవిడ మాట్లాడటం నిన్నటి తర్వాత అదే మొదలు. “పాడైన గొంతైనా నాదే కదా. పెట్టరా.”

“భోజనాలు చేశాక…”

“పెట్టు వేదాంత్.”

వేదాంత్ కర్టెన్లు లాగాడు. సినిమాను మొదటికి తిప్పి, కింది వరుస నొక్కాడు.

స్పీకర్లలోంచి ముందు జల్లెడ పట్టినట్టు ఒక శబ్దం వచ్చింది. ఆ శబ్దంలోంచి సంగీతం, సంగీతంలోంచి మనుషుల మాటలు. తెర మీద హీరోయిన్ పరుగెత్తుకుంటూ మేడ మెట్లు దిగి, “అన్నయ్యా, నాకు ఉత్తరం వచ్చిందా?” అంది.

శాంత రెండు చేతులతో నోరు మూసుకుంది.

“అత్తమ్మా, మీరే!” అంది లాస్య.

“ఎంత సన్నగా ఉండేదే నా గొంతు! కోడిపిల్లలాగా!”

వేదాంత్ నవ్వాడు. శాంత కూడా నవ్వింది. ఆ తర్వాత ఆవిడ తెర మీదికి వంగి కూర్చుంది. బొమ్మ ఇంత తేటగా ఉండటంతో పెదవుల కదలిక పూర్తిగా తెలుస్తోంది. ఇదిగో ఇక్కడ ఆ అమ్మాయి మాట మింగేసింది, నేను ఎలా సర్దానో చూడు అని కోడలికి చూపించింది. ఇక్కడ జలుబు చేసింది నాకు, ముక్కుతో చెప్పాను అంది. లాస్య ప్రతిదానికీ ఊఁ కొడుతూ, కొన్నిచోట్ల వెనక్కి జరిపించి మళ్ళీ విన్నది. ఒకచోట, “ఇది నేను గింత మంచిగ చెప్పలే,” అని తనంతట తనే ఒప్పుకుంది.

“నువ్వు చెప్పింది నిన్న పూర్తిగా విన్లేదు కదా. వింటాలే,” అంది శాంత.

నిన్నటి కోపం దాదాపు పోయినట్టే అనిపించింది వేదాంత్‌కు. వెనక తండ్రి ఉన్నాడో లేడో కూడా మరిచిపోయాడు.

శ్రీనివాసులు ఉన్నాడు. కూర్చోలేదు.

కోర్టు సీనుకు ముందు బొమ్మ ఆగిపోయింది. తెర మధ్యలో తెల్లటి వలయం తిరగడం మొదలుపెట్టింది.

“నెట్ పోయినట్టుంది,” అన్నాడు శ్రీనివాసులు. “చాల్లే, మిగతాది తర్వాత చూడొచ్చు. పప్పు చల్లారిపోతోంది.”

“పోలేదు నాన్నా, స్లో అయింది. బొమ్మ క్వాలిటీ తగ్గిస్తే వచ్చేస్తుంది. తగ్గించనామ్మా?”

“వద్దు. ఇన్నేళ్ళు ఆగాను. తేటగానే చూస్తా.”

వలయం తిరుగుతూనే ఉంది. శాంత కొంగు సర్దుకుని, కాళ్ళు రెండూ నేలకు ఆనించి, మైకు ముందు నిలబడేముందు చేసినట్టు ఒకసారి గొంతు సవరించుకుంది.

బొమ్మ కదిలింది.

హీరోయిన్ బోనులో నిలబడి ఉంది. లాయరు ఎదురుగా ఉన్న మనిషిని చూపించి, ఇతను నీకేమవుతాడు అని అడిగాడు. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత చెప్పింది.

“ఈయన మా అన్నయ్యే. నేను నడక నేర్చుకునేటప్పుడు పడిపోకుండా పట్టుకున్న చెయ్యి ఇదే. ఆ రోజు కత్తి పట్టుకున్న చెయ్యీ ఇదే. ఈ కళ్ళతోనే చూశాను.”

గొంతు ఎక్కడా వణకలేదు. ఏడుపు లేదు. ఆఖరి మాట దగ్గర మాత్రం, లోపల ఏదో తెగినట్టు సన్నగా ఆగింది.

వేదాంత్ కుర్చీ చెయ్యి మీద కొట్టాడు.

“అమ్మా! ఏం చెప్పావమ్మా! నిజంగా వెంట్రుకలు లేచాయి నాకు!”

అతను తిరిగి చూశాడు. శాంత తెర వైపే చూస్తోంది. లాస్య అత్తగారి వైపు చూసి వెంటనే తల దించుకుంది. వెనక శ్రీనివాసులు గోడకు ఆనుకుని ఉన్నాడు.

“మళ్ళీ పెట్టు,” అంది శాంత.

మళ్ళీ పెట్టాడు.

“మళ్ళీ.”

ఈసారి అయిపోయాక ఆవిడే చెయ్యి చాచి ఆపమంది.

“ఇది నేను కాదు.”

“పాత సౌండు కదమ్మా, గరగరలో తేడాగా…”

“కాదు వేదాంత్,” అంది లాస్య నెమ్మదిగా. “ఇది అత్తమ్మ కాదు.”

“‘కళ్ళతో’ అన్నప్పుడు నాలుక మడిచి ఎలా వదిలిందో వినలేదా? ఆ ‘ళ’ ఈ ఊళ్ళో ఒక్కరిదే. నాగేశ్వరిది,” అంది శాంత. అని, కుర్చీ తిప్పి భర్తకు ఎదురుగా కూర్చుంది. “ఏమండీ, ఆ రీలు కలిపింది మీరేగా?”

శ్రీనివాసులు తల ఊపాడు.

“నోటితో చెప్పండి.”

“నేనే కలిపాను.”

“ఎప్పుడు?”

“నువ్వు ఆస్పత్రిలో ఉన్నప్పుడు. డైరెక్టరుగారికి నీది నచ్చలేదు. ఆయాసపడుతోంది, మధ్యలో ఊపిరి తెగుతోంది అన్నారు. మళ్ళీ చెప్పిద్దామంటే నువ్వక్కడ… నీకు స్పృహే లేదు. రిలీజు దగ్గరపడింది. నాగేశ్వరిగారు వచ్చి ఆ ఒక్క సీనూ ఒక పూటలో చెప్పి వెళ్ళిపోయారు.”

“తర్వాత?”

“నీకు బాగయ్యాక చెబుదామనుకున్నా. నువ్వు బాగయ్యేసరికి ఎవరెవరో ఇంటికొచ్చి నిన్ను మెచ్చుకుంటున్నారు. సినిమా అంతా నువ్వే చెప్పావుగా, అదీ నీదే అనుకున్నారు. పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని నువ్వు నవ్వుతుంటే… చెప్పబుద్ధి కాలేదు శాంతా.”

“ఆ తర్వాతా చెప్పబుద్ధి కాలేదా? ఇన్నేళ్ళూ?”

ఆయన చేతిలోని స్కూటరు గుడ్డను మడత పెట్టాడు.

“ఈ సీను ఎంతమందికి చెప్పి చూపించానో మీకు తెలుసు. పెళ్ళిళ్ళలో చెప్పాను. మీ అక్కయ్యగారి షష్టిపూర్తిలో మైకు తీసుకుని చెప్పాను. నాగేశ్వరి ఎదురుగా కూర్చుని ఉండగా, యూనియన్ మీటింగులో చెప్పాను! మీరు పక్కనే ఉన్నారు. కనీసం దగ్గనైనా దగ్గలేదు.”

“నీకు అన్నం పెట్టిన సీను అనేదానివి. ఎలా లాక్కోను?”

వేదాంత్ ఏదో అనబోయాడు. అంతకుముందే లాస్య లేచి నిలబడింది.

“అందుకేనా మామయ్యా? నువ్వే చెప్పెయ్యి తల్లీ అన్నరు. అత్తమ్మకు చెప్పకు అన్నరు. కొత్త సౌండు వస్తె పాతది ఎవ్వరు వినరనుకున్నరా?”

శాంత మెల్లగా కోడలి వైపు తిరిగింది.

“ఈయనకి ముందే చెప్పావా నువ్వు?”

“చెప్పిన అత్తమ్మా. ఆయన చెయ్యమంటేనే చేసిన. పొద్దున మీకు చెప్పబోతె… మామయ్య మీదికి తోసినట్టయితదని ఊకున్న.”

నిన్నటి నుంచీ ఎవరి మీద కోపం పట్టి కూర్చుందో ఆ పిల్ల ఎదురుగా నిలబడి ఉంది. శాంత ఆమె చెయ్యి పట్టుకుని పక్క కుర్చీలో కూర్చోబెట్టింది.

“వేదాంత్, ఆ పై వరుస నొక్కు. ఈ సీనే. లాస్యది పెట్టు.”

వేదాంత్ నొక్కాడు. జల్లెడ శబ్దం ఆగిపోయింది. అదే బోను, అదే మొహం. లాస్య గొంతు గదికి నాలుగు వైపుల నుంచీ వచ్చింది. “ఈయన మా అన్నయ్యే…” నడక నేర్చుకునేటప్పుడు అన్నాక చిన్న ఆయాసం. పట్టుకున్న చెయ్యి అనేముందు ఊపిరి తెగి, మళ్ళీ అందుకుంది.

శాంత కళ్ళు మూసుకుని విన్నది.

“అదిగో, అక్కడే వీడు తన్నాడు. స్టాండు పట్టుకున్నాను,” అంది.

“మీరు చెప్పి చూపిచ్చిన ప్రతిసారి గాడనే ఆగేటోళ్ళు,” అంది లాస్య. “నటన అనుకున్న నేను.”

“నేనూ అలాగే అనుకున్నాలే తర్వాత్తర్వాత.”

డైరెక్టరు వద్దన్న ఆ ఊపిరి, ఆయన పోయి ఎన్నేళ్ళో అయ్యాక, మళ్ళీ ఆ సినిమాలోకి వచ్చి కూర్చుంది. శాంతకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చెయ్యలేదు. టేబుల్ మీద ఫోను తీసుకుని నంబరు వెతికింది.

“ఎవరికి?” అన్నాడు శ్రీనివాసులు.

ఆవిడ స్పీకరు నొక్కి ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

“ఏంటి శాంతా, పొద్దెక్కాక గుర్తొచ్చానా?” వయసు మీద పడినా ఆ గొంతులో పదును పోలేదు. నాగేశ్వరి.

“అక్కా, ‘తోడబుట్టిన సాక్షి’లో కోర్టు సీను చెప్పింది నువ్వా?”

అటువైపు వెనకాల ఎక్కడో కుక్కరు కూత వినపడింది.

“నువ్వే కదే చెప్పింది? ప్రతి మీటింగులోనూ చెప్పి మమ్మల్ని ఏడిపిస్తావుగా.”

“నేను కాదు. ఇప్పుడే విన్నాను. నువ్వు.”

“నేనా? ఏమోనమ్మా. ఆ రోజుల్లో పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి చెప్పేదాన్ని. ఎవరో రమ్మంటే వెళ్ళి ఒక ముక్క చెప్పొచ్చిన రోజులు చాలా ఉన్నాయి. అన్నీ ఎక్కడ గుర్తుంటాయి? బాగుందా?”

శాంత మొహంలో రంగు మారింది. తన బతుకంతా నిలబెట్టిన సీను ఆవిడకు గుర్తు కూడా లేదు.

“చాలా బాగుంది అక్కా. నువ్వు చెప్పావు కాబట్టే బాగుంది. ఒకసారి వచ్చి విను.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. అద్దె సినిమా, రేపటితో పోతుంది. భోజనం ఇక్కడే చేద్దువుగాని.”

“సరే, ఆటో ఎక్కుతున్నా,” అని నాగేశ్వరి ఫోను పెట్టేసింది.

లాస్య లేచి వంటింట్లోకి వెళ్ళింది. వేదాంత్ తెర వైపూ తల్లి వైపూ మార్చి మార్చి చూశాడు.

“ఆవిడెందుకు శాంతా ఇప్పుడు?” శ్రీనివాసులు గొంతు పూర్తిగా కిందికి పోయింది. “ఆవిడకే గుర్తు లేదంటోంది. ఇక్కడితో వదిలెయ్యొచ్చు కదా. యూనియన్లో నలుగురికీ తెలిస్తే నీకే కదా…”

“తెలియాలనే పిలిచాను. ఆవిడ గొంతు మీద ఇన్నేళ్ళు నేను మెప్పులు తిన్నాను. వచ్చాక చెబుతాను. నేను తెలియక తిన్నదంతా నేను చెబుతాను. తెలిసి దాచింది మీరు చెబుతురుగాని.”

శ్రీనివాసులు హాల్లోకి నడిచాడు. పావుగంట తర్వాత వీధి తలుపు గడియ తీసిన చప్పుడైంది.

శాంత లేచి వెళ్ళి చూసింది. ఆయన గుమ్మం బయట ఒక కాలికి చెప్పు తొడుక్కుని, రెండో చెప్పు కోసం కాలితో తడుముకుంటున్నాడు.

“ఎక్కడికండీ?”

ఆయన తలెత్తలేదు. కింద గేటు ముందు ఆటో ఆగింది.